కారు మనది, గుద్దింది స్నేహితుడు... బిల్లు ఎవరిది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. విశాఖలో పెళ్లికని నా స్నేహితుడు రెండు రోజులు కారు తీసుకెళ్లాడు. తిరిగొస్తూ రణస్థలం దగ్గర డివైడర్‌ను గుద్దాడు. ముందు బంపరు, హెడ్‌లైటు పోయాయి. షెడ్డులో 28,000 అవుతుందన్నారు. ‘ఇన్సూరెన్సు ఉంది కదా, క్లెయిమ్ చేసెయ్’ అంటున్నాడు. స్పీడు చలానా కూడా నా పేరు మీదే వచ్చింది. అడగడానికి మొహమాటంగా ఉంది. నాకు ఇప్పుడు నో క్లెయిమ్ బోనస్ 35 శాతం వస్తోంది.

జవాబు: మీ స్నేహితుడు చెప్పింది సగం నిజం. మీరు తీసుకున్నది ఫుల్ ఇన్సూరెన్సు అయితే, మీ అనుమతితో సరైన లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరు నడిపినా అది వర్తిస్తుంది. అందుకే క్లెయిమ్ ఫారంలో ‘నేనే నడిపాను’ అని మాత్రం రాయకండి. అవసరం లేని అబద్ధం అది, బయటపడితే క్లెయిమే పోతుంది.

ఆయన చెప్పని మిగతా సగం బోనస్ సంగతి. ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే అది. సొంత డామేజీ ప్రీమియం, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం, బోనస్‌కు ముందు 12,000 అనుకుందాం. క్లెయిమ్ లేకపోతే వచ్చే రెన్యువల్‌కు మీకు 45 శాతం, ఆ తర్వాత 50 శాతం తగ్గింపు. క్లెయిమ్ చేస్తే సున్నాకి పడిపోయి, 20, 25, 35, 45 అంటూ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఏటా తేడా 5,400, 3,600, 3,000, 1,800, 600. మొత్తం 14,400. బండి పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కనుక అసలు నష్టం కాస్త తక్కువే ఉండొచ్చు.

పైగా జీరో డెప్ (భాగాల పాతదనానికి కోత వేయని అదనపు కవరు) లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్ భాగాల ధరలో సగమే ఇస్తారు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మరో 1,000 మన చేతిదే. ఇవన్నీ పోను కంపెనీ 18,000 ఇచ్చిందనుకోండి, బోనస్ నష్టం తీసేస్తే మీకు మిగిలేది 3,600. దానికోసం నష్టం అంచనా వేసే సర్వేయరు చుట్టూ తిరగడం నాకైతే దండగనిపిస్తుంది.

కాబట్టి 28,000 ఆయనే ఇవ్వడం న్యాయం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ కూడా, అప్పు తెచ్చుకున్న వస్తువును, మామూలు జాగ్రత్త గల మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలాగే చూసుకోవాలంటుంది. ఆయన ఒకేసారి ఇవ్వలేకపోతే నాలుగు నెలల వాయిదాలు పెట్టండి. అదీ కుదరకపోతే క్లెయిమ్ చేసి, కంపెనీ ఇవ్వని మొత్తమూ బోనస్ నష్టమూ ఆయన దగ్గర తీసుకోండి. క్లెయిమ్ చేసే ఆలోచన ఉంటే మాత్రం కంపెనీకి వెంటనే చెప్పండి, సర్వే కాకుండా రిపేరు మొదలుపెట్టించొద్దు. చలానా మీరు కట్టేసి, రసీదు ఆయనకు వాట్సాప్ చెయ్యండి.

మొహమాటానికి మందు కాగితమే. షెడ్డు ఎస్టిమేటు, పై లెక్క ఆయన ముందు పెట్టి ‘ఎలా చేద్దాం?’ అని అడగండి. నాతవలస టోలు డబ్బులు మీ ఫాస్టాగ్‌లో పోయి ఉంటాయి, వాటిని మాత్రం వదిలెయ్యండి.

ఇంకొకటి. మళ్లీ ఇచ్చేటప్పుడు లైసెన్సు చూసి మరీ ఇవ్వండి. లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే యజమానికే 5,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. పెట్రోలు కొట్టించుకోమనండి గానీ రోజుకింత అని కిరాయి తీసుకోకండి, సొంత కారు పాలసీకి అది కుదరదు.