మబ్బు నీరు వాన నీటికంటే పుల్లగా ఎందుకుంటుంది?

ఒకే కొండ మీద ఒకే రోజు పట్టిన మబ్బు నీటికి పీహెచ్ 4.1, వాన నీటికి 5.2 వచ్చిందని, మీటర్ పాడైందా అని అడిగారు. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, ఒక్క అంకె తగ్గితే పులుపు పదింతలైనట్టు. మీటర్ సంగతి తర్వాత చెప్తాను. తేడా మాత్రం చాలావరకు నిజమైనదే. చదువుకునే రోజుల్లో రెండు సీజన్లు కొండ మీద మబ్బు నీరు పట్టాను, ఎక్కువసార్లు ఇదే వరస కనిపించింది.

మబ్బు బిందువు చాలా చిన్నది, 10 నుంచి 20 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అలాంటివి పది లక్షల దాకా కలిస్తే ఒక వాన చినుకు. కొండను కమ్మే మబ్బులో ఘనపు మీటరు గాలికి అర గ్రాము నీరు కూడా ఉండదు చాలాసార్లు. ఆ గాలిలోని సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం అంతా ఆ కాస్త నీటిలోనే కరగాలి. వాన చినుకు పై ఎత్తుల్లోని శుభ్రమైన నీటిని కూడా కలుపుకుని దిగుతుంది కాబట్టి పలచబడుతుంది.

ఇంకో సంగతి నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. సల్ఫర్ డయాక్సైడ్ బిందువులో కరిగితే, అక్కడే ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్ దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. ఓజోన్ కూడా ఆ పని చేస్తుంది కానీ, పులుపు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. పెరాక్సైడ్ వేగం మాత్రం తగ్గదు. పుల్లబడిన బిందువు ఇంకా పుల్లబడుతూనే ఉంటుంది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే కరిగినా నీటి పీహెచ్ 5.6 దగ్గరికి వస్తుంది. అంటే మీ వాన నీరు పెద్ద పులుపేమీ కాదు. మబ్బు నీటిలో మాత్రం పులుపునిచ్చే హైడ్రోజన్ అయాన్లు దానికి పన్నెండు రెట్ల పైనే. శిఖరం మీది చెట్లు తడిసేది ఆ నీటిలోనే. ఈశాన్య అమెరికా కొండల్లో రెడ్ స్ప్రూస్ చెట్ల సూదుల్లాంటి ఆకుల్లోంచి ఇలా కాల్షియం కొట్టుకుపోయి, అవి చలికి తట్టుకోలేకపోయాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్‌ఫేస్ పర్వతం మీద ఏళ్ల తరబడి మబ్బు నీటిని పరీక్షిస్తున్నారు. 1990లో అమెరికా స్వచ్ఛ గాలి చట్టాన్ని సవరించాక అక్కడ సల్ఫేట్ బాగా తగ్గింది.

మొదటి సీజన్‌లో మేం ఒక పెద్ద పొరపాటు చేశాం. మబ్బు కమ్మినప్పటి నుంచి వీడేదాకా నీళ్లన్నీ ఒకే సీసాలో పట్టాం. మరుసటి ఏడు గంటకో సీసా పెడితే తెలిసింది, మొదట్లోనూ చివర్లోనూ, అంటే మబ్బు పలచగా ఉన్నప్పుడు, నీటిలో ఆమ్లాలు, లవణాలు చిక్కగా ఉంటున్నాయని. మొదటి సీజన్ అంకెలు ఎందుకూ పనికిరాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పీహెచ్‌లకు నేరుగా సగటు కట్టకండి. పీహెచ్ 4, పీహెచ్ 6 నీళ్లు సమానంగా కలిపితే 5 రాదు, సుమారు 4.3 వస్తుంది. ఇక మీటర్. వాన నీటిలో లవణాలు మరీ తక్కువ, అందుకే రీడింగ్ త్వరగా నిలవదు. కలపడం ఆపి, ఓపిగ్గా ఆగి చూడండి. పీహెచ్ ముందే తెలిసిన పలచటి ఆమ్లంతో ఒకసారి సరిచూసుకోండి. గరాటు వాన మొదలయ్యేదాకా మూసే ఉండాలి, కాల్షియం ఉన్న దుమ్ము పడితే పులుపు విరిగిపోతుంది. కొలత అదే రోజు అయిపోవాలి. ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాలను సూక్ష్మజీవులు తినేస్తాయి, నాలుగు రోజులు ఆగితే పీహెచ్ పైకి పోతుంది.

ఈసారి ప్రతి సీసా మీద టైముతో పాటు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కూడా రాయండి. మీ 4.1 వచ్చిన సీసాలో నీరెంత ఉందో గుర్తుంటే ఇక్కడే చెప్పండి, కలిసి లెక్క చూద్దాం.