మెడిసిన్ సీటు రాలేదు, రెటీనా స్టెమ్ సెల్ రీసెర్చ్‌లోకి వెళ్ళడం కుదురుతుందా?

మీ మెసేజ్ మొత్తం చదివానండీ. మీ వారికి రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనక వెలుతురుని పట్టుకునే రెటీనా పొర మెల్లగా పాడయ్యే వంశపారంపర్య జబ్బు), చీకటి పడితే ఏమీ కనపడట్లేదు, అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ రెండో ఏడాది, నాన్నకి చూపు తెప్పించే స్టెమ్ సెల్ (వేరే రకం సెల్స్‌గా మారగల మూల కణాలు) ట్రీట్‌మెంట్ మీదే పని చేస్తానంటోంది, మెడిసిన్ రాలేదు కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టేనా అని అడిగారు. మూసుకుపోలేదండీ. కంట్లో సెల్స్ పెట్టే సర్జరీ వరకే డాక్టర్ పని, దానికి ముందు నెలల తరబడి ఆ సెల్స్‌ని పెంచేదీ టెస్ట్ చేసేదీ ఎక్కువగా బయాలజీ చదివినవాళ్ళే.

మామూలు చర్మం సెల్స్‌ని వెనక్కి తిప్పి స్టెమ్ సెల్స్‌గా మార్చొచ్చని జపాన్ సైంటిస్ట్ యమనాకా గారు 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల్లో చూపించారు, 2012లో నోబెల్ వచ్చింది. 2014లో జపాన్‌లోని కోబెలో మసాయో తకహాషి గారి టీమ్, మాక్యులా (సూటిగా చూసే చూపునిచ్చే రెటీనా మధ్యభాగం) దెబ్బతిన్న ఒక పెద్దావిడ చర్మం సెల్స్ నుంచే రెటీనా కింద ఉండి దాన్ని పోషించే ఆర్‌పీఈ పొరని తయారుచేసి ఆవిడ కంట్లో పెట్టారు. చూపు పెరగలేదు కానీ తగ్గడం ఆగింది. తర్వాత రెండో పేషెంట్ కోసం పెంచిన సెల్స్‌లో జీన్ మార్పులు కనిపిస్తే సర్జరీయే ఆపేశారు. ఆ మార్పుల్ని పట్టుకునే పని ఉంది చూశారా, జీనోమ్ డేటా చదవడం, క్వాలిటీ చెక్ చేయడం, నా దృష్టిలో మీ అమ్మాయిలాంటి వాళ్ళకి అసలైన చోటు అదే, అందరూ సర్జన్ గురించే మాట్లాడతారు గానీ పేషెంట్‌ని కాపాడేది చాలాసార్లు ఆ రిపోర్టే.

ఇంకో మాట కూడా అమ్మాయికి మెల్లగా చెప్పండి. ఇప్పటిదాకా జరిగిన ట్రయల్స్‌లో చాలావరకు ఆర్‌పీఈ సెల్స్ మార్చేవి, వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకీ స్టార్‌గార్ట్ జబ్బుకీ (చిన్న వయసులోనే మాక్యులాని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు). మీ వారి జబ్బులో ముందు పోయేది వెలుతురుని పట్టుకునే రాడ్ సెల్స్, అవి కొత్తవి పెడితే బతికితే సరిపోదు, లోపలి నరాల సెల్స్‌తో కనెక్షన్ కూడా కుదరాలి, అది చాలా కష్టమైన పని, ట్రయల్స్ జరుగుతున్నాయి కానీ ఇంకా తొలి దశల్లోనే ఉన్నాయి. అందుకే నాన్న చూపుని తన కెరీర్‌కి గడువుగా పెట్టుకోనివ్వకండి, ఆ బరువు ఇరవై ఏళ్ళ పిల్ల మొయ్యలేదు. ముందు మీ వారికి జెనెటిక్ టెస్ట్ చేయించండి, ఎందుకంటే ఆర్‌పీఈ65 అనే జీన్ రెండు కాపీల్లోనూ లోపం ఉన్నవాళ్ళకి 2017లోనే అమెరికాలో జీన్ థెరపీకి (ఆ జీన్ మంచి కాపీని కంట్లో పెట్టే చికిత్స) అప్రూవల్ వచ్చింది, అది కొద్దిమందికే పనికొస్తుంది, అయినా ఏ జీనో తెలిస్తేనే ఏ ట్రయల్‌కి సరిపోతారో తెలుస్తుంది. అమ్మాయి ఆ కౌన్సెలింగ్‌లో పక్కన కూర్చుంటే జెనెటిక్ కౌన్సెలర్ అనే ఉద్యోగం ఎలా ఉంటుందో కూడా కళ్ళారా చూస్తుంది.

ఈ ఆశలో పడి డబ్బు తీసుకుని ఇంజెక్షన్ ఇస్తామనే క్లినిక్‌ల దగ్గరికి మాత్రం దయచేసి వెళ్ళకండి. అమెరికాలో ముగ్గురు ఆడవాళ్ళకి సొంత కొవ్వు నుంచి తీసిన సెల్స్ రెండు కళ్ళలోనూ ఒకేసారి ఎక్కించారు, ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకుని, ముగ్గురికీ ఉన్న చూపు కూడా దారుణంగా పోయింది, 2017లో డాక్టర్లే రిపోర్ట్ రాశారు. ట్రయల్స్ రిజిస్ట్రీలో (ట్రయల్స్ వివరాలు నమోదుచేసే జాబితా) పేరుంది కదా అని నమ్మేయకూడదు. సెల్స్ కోసం డబ్బు కట్టమన్నా, రెండు కళ్ళకీ ఒకేరోజు అన్నా లేచి వచ్చేయండి.

ఇక అమ్మాయి ఈ ఏడాది చేయాల్సింది, సెల్ కల్చర్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్. సెలవులా పండగా అని చూడకుండా వెళ్ళి మీడియా (సెల్స్ పెరిగే పోషక ద్రవం) మార్చాలి, ఒక్క ఫంగస్ మచ్చ వస్తే వారాల పని చెత్తబుట్టలోకే. వారాల తర్వాత రంగులేని సెల్స్ మధ్యలో అక్కడక్కడా నల్లగా మచ్చలు మొదలవుతాయి, మైక్రోస్కోప్ కింద ఆరు పలకల రాళ్ళు పరిచినట్టు కనిపిస్తాయి, అవే ఆర్‌పీఈ సెల్స్. ఆ ఓపిక తనకుందో లేదో మనం కాదు, ల్యాబే తేలుస్తుంది. ఉంటే మాస్టర్స్, ఆపైన పీహెచ్‌డీ నాలుగు నుంచి ఆరేళ్ళు. పీహెచ్‌డీ వద్దనుకుంటే సెల్ తయారీ యూనిట్లలో క్వాలిటీ, క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్ ఉద్యోగాలున్నాయి, స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పట్నుంచే నేర్చుకుంటే ఎటెళ్ళినా పనికొస్తాయి. ల్యాబ్‌కి మెయిల్ పెట్టేటప్పుడు నాన్న కథ ఒక్క వాక్యం చాలు, ఆ ల్యాబ్ పేపర్ ఒకటి చదివి అందులో అర్థంకాని పాయింట్ అడగమనండి.