బంతిపువ్వు నీడ ఏ రంగు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆశ్వయుజ, కార్తిక మాసాల పూల గురించినవే. నీటిరంగులతో వాటిని వేయడంలో ఎదురయ్యే చిక్కులు అందరివీ దాదాపు ఒకటే కాబట్టి, మూడు ప్రశ్నలను ఎంచుకుని కాస్త వివరంగా సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంటి వెనుక నాలుగు మడుల బంతితోట ఉంది. బతుకమ్మ పండుగ మొదలైనప్పటి నుంచి రోజూ ఒక బొమ్మ వేస్తున్నాను. పువ్వుకు పసుపు వేసి, ఆరిన తర్వాత నీడ కోసం పసుపులో కొద్దిగా నలుపు కలిపి పూస్తే పువ్వంతా పాచి పట్టినట్టు కనిపిస్తోంది. రేకులన్నీ గీస్తే గీతల గందరగోళం, గీయకపోతే పసుపు ముద్ద. నా పొరపాటు ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: మీ పొరపాటు చేతిలో లేదు, నలుపు ట్యూబులో ఉంది. నలుపు రంగుల్లో చాలావాటికి లోపల నీలిఛాయ ఉంటుంది. అది పసుపుతో కలవగానే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. మీకు పాచిలా కనిపిస్తున్నది అదే. ఒక ముద్దబంతిని కోసి కిటికీ దగ్గర పెట్టుకుని, నడిమి రేకులను రెండు వేళ్లతో విడదీసి లోపలికి చూడండి. అక్కడ నలుపు గాని బూడిదరంగు గాని కనిపించవు. రేకుల గుండా దిగిన వెలుగు పక్క రేకుల మీద పడి, మళ్లీ ఇంకో రేకుకు తగిలి, లోతుకు పోయేకొద్దీ ఎర్రబడుతుంది. పసుపులో సున్నం పడితే పారాణి అయినట్టుగా, బంతిలో నీడ అంటే ఎరుపెక్కిన పసుపు.

అందువల్ల మొదట లెమన్ ఎల్లోను బాగా పలచగా పరచి, వెలుగు నేరుగా పడే చోట ఆవగింజంత కాగితాన్ని రెండు మూడు చోట్ల తెల్లగా వదిలేయండి. ఆ తడి మెరుపు పూర్తిగా పోకముందే, వెలుగు పడని పక్కన నారింజ కలిసిన ముదురు పసుపును కుంచె కొసతో తాకించి, దానంతట అది పాకేలా వదలండి. పూర్తిగా ఆరిన తర్వాతే ఇటుకలాంటి గోధుమరంగైన బర్న్‌ట్ సియన్నాలో చిటికెడు క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కలిపి, ఆరో నంబరు గుండ్రటి కుంచె మొనతో రేకుల మధ్య సందులను మాత్రమే వేయండి. రేకులను గీయకండి, వాటి మధ్య చీకటిని నెలవంకల్లాగా పెట్టండి. పువ్వు కింది మూడో వంతులో ఈ నెలవంకలు దగ్గరదగ్గరగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ పలచబడితే పువ్వు బంతిలా గుండ్రంగా లేస్తుంది.

అంతా చేసినా పువ్వు వెలవెలపోతోందంటే తప్పు ఆకులదే. ఎంత చిక్కగా వేసినా పసుపు స్వభావరీత్యా లేత రంగే. అది మెరవాలంటే దాని పక్కన చీకటి కావాలి. అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియన్నా, కొంచెం పసుపు కలిపి ముదురాకు రంగు తయారుచేసుకోండి. ట్యూబులోంచి తీసిన ఆకుపచ్చను ఉన్నదున్నట్టు పూస్తే తోట ప్లాస్టిక్ పూలకొట్టులా తయారవుతుంది. ఆ ముదురాకు రంగును పువ్వు అంచు దాకా తెచ్చి, రంపపు పళ్లలాంటి ఆకుల అంచులతో పువ్వు హద్దును చెక్కండి. పువ్వు చుట్టూ పెన్సిల్ గీత ఉండవలసిన అవసరమే ఉండదు. అనుమానం వస్తే బొమ్మను ఫోనులో నలుపు తెలుపుగా చూసుకోండి. పువ్వూ ఆకూ ఒకే బూడిదరంగులో కలిసిపోతే ఆకులకు ఇంకో పూత కావాలని అర్థం.

ఇక మడులు. నాలుగు మడుల పూలన్నిటినీ లెక్కపెట్టి వేయబోతే కన్ను ఎక్కడా నిలవదు. ముందు వరుసలో మూడు పూలను మాత్రం ఇలా శ్రద్ధగా వేసి, వెనుక వరుసను తడి కాగితం మీద పసుపు చుక్కలుగా, ఆ వెనుక మడిని ఒక్క పసుపు చారగా వదిలేయండి. జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే సీబుల్‌లోని తన ఇంటి తోటలో పూలను జపాన్ కాగితాన్ని తడిపి, దాని మీద రంగును పారనిచ్చి వేసేవాడు. రేకుల లెక్క లేకుండానే పువ్వు పువ్వులా ఎలా నిలుస్తుందో ఆ బొమ్మలు చూస్తే తెలుస్తుంది. ఒక్క మాట: కూర్చునే సమయం పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది వరకు పెట్టుకోండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడలు పూల కిందికి ముడుచుకుపోయి, తోటంతా చదునుగా కనిపిస్తుంది.

ప్రశ్న: వాకిట్లో రాలిన పారిజాతాలను వేయాలని నా కోరిక. నేలరంగు వేసి, దాని మీద తెల్లరంగుతో పూలు వేస్తే ముగ్గుపిండి చల్లినట్టుంది. పైగా నేను కిందటేడు కొని దాచుకున్న మంచి కాగితం మీద ఈ ఏడు రంగు పూస్తే అక్కడక్కడా ముదురు మచ్చలు తేలుతున్నాయి.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మచ్చల సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే సముద్రతీరంలో ఉన్నవాళ్లు దీన్ని తమ చేతకానితనంగా భావించి బాధపడుతుంటారు. నీటిరంగుల కాగితం నీటిని వెంటనే పీల్చేయకుండా తయారీలోనే జిలటిన్ వంటి జిగురు పట్టిస్తారు. తేమలో నెలల తరబడి ఉంటే ఆ జిగురు చెడిపోతుంది. చెడిన చోట కాగితం అద్దుడు కాగితంలా రంగును లోపలికి లాగేసుకుంటుంది. దీనికి మరమ్మతు ఇంట్లో జరిగేది కాదు. ఆ కాగితాన్ని పెన్సిల్ అభ్యాసానికి వాడుకోండి. ఇకపై ఒక్కసారి ఐదారు తావులకు మించి కొనకుండా, వాటిని సిలికా జెల్ పొట్లాలతో కలిపి గాలి చొరని సంచిలో, గోడకు ఆనకుండా పెట్టండి. కొనేటప్పుడు పూర్తిగా పత్తితో చేసిన, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం అడగండి.

పారిజాతాలకు తెల్లరంగు అక్కరలేదు, కాగితమే తెలుపు. పూలు ఒంటరిగా కాకుండా గుంపులుగా, కొన్ని ఒకదాని మీద ఒకటిగా పడి ఉంటాయి కదా. ఆ గుంపు ఆకారాన్ని మొత్తంగా వదిలి, చుట్టూ నేలను వేయండి. అల్ట్రామెరీన్, బర్న్‌ట్ సియన్నా కలిపి నీళ్లు ఎక్కువగా పోసి పూస్తే, అల్ట్రామెరీన్ రేణువులు గరుకు కాగితపు గుంతల్లో దిగి తడి మట్టి పొడిపొడిగా కనిపిస్తుంది. నేల ఆరాక గుంపులోపల పలచని నీలిఊదాతో రేకుల సందులు తెరిచి, గాలిమరలా ఒకవైపు మెలిదిరిగిన రేకులను రెండు మూడు పూలకే స్పష్టంగా చూపించండి. పారిజాతం చాలాసార్లు బోర్లా పడుతుంది. కాబట్టి కొన్ని పూలకు పగడపు రంగు కాడ ఆకాశం వైపు నిలబడి ఉంటుంది. ఆ కాడను చివరగా, ఒక్క తాకుడుతో, మళ్లీ దిద్దకుండా పెట్టండి. ఎండ ముదిరితే పూలు వాడిపోతాయి కనుక తెల్లవారగానే చిత్తు గీసుకుని, మిగతాది నింపాదిగా ఇంట్లో పూర్తిచేసుకోవచ్చు.

విడిపూల కోసం మాస్కింగ్ ఫ్లూయిడ్ (తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా ముందు పూసి, తర్వాత ఒలిచి తీసే జిగురు ద్రవం) వాడవచ్చు గాని, మన వేడికి అది కాగితానికి అతుక్కుపోతుంది. పూసిన రోజే తీసేయాలి. కుంచెను ముందుగా సబ్బునీటిలో ముంచకపోతే ఆ కుంచె ఇక పనికిరాదు. గునుగుపూలు వేసే తెలంగాణ పాఠకులకూ నా సలహా ఇదే: వెండిలా తెల్లటి కంకిని కాగితంగా వదిలి, కొసన మాత్రం తడిగా ఉండగానే పలచని గులాబీని తాకించి కిందికి దిగనివ్వండి.

ప్రశ్న: మా పెరట్లో మేపుల్ చెట్టు అక్టోబరులో నిప్పులా ఉంటుంది. ఎర్రటి ఆకులను పచ్చగడ్డి పక్కన వేస్తే రెండూ కలిసి మట్టిరంగైపోతున్నాయి. మూడేళ్ల కిందట గోడకు పెట్టిన బొమ్మలో ఎరుపు వెలిసిపోయింది కూడా.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఎరుపు, ఆకుపచ్చ ఒకదాన్నొకటి చంపుకునే రంగులు. రెండూ తడిగా ఉన్నప్పుడు తాకనివ్వకండి. ఎరుపు బాగా ఆరాక గడ్డి వేయండి, లేదా మధ్యలో సన్నని పసుపు దారి వదలండి. పసుపు ఇద్దరితోనూ పొత్తు కుదుర్చుకుంటుంది: ఒకవైపు నారింజ అవుతుంది, మరోవైపు లేతాకు రంగు అవుతుంది. చెట్టు కింద రాలిన ఆకులు కూడా కొంత పసుపువే కాబట్టి ఆ దారి కృత్రిమంగా ఉండదు.

వెలిసిపోయిన ఎరుపు విషయంలో ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న రంగు సంఖ్యను చదవండి. అక్కడ పీఆర్ 83 అని ఉంటే అది అసలు అలిజరిన్ క్రిమ్సన్, పలచగా వేస్తే వెలుగుకు నిలవదు. క్వినాక్రిడోన్ ఎరుపులు అంతకంటే చాలా గట్టివి. పైన బంతికి చెప్పిన క్రిమ్సన్ కూడా అలాంటిదే ఎంచుకోవాలని జనగామ పాఠకురాలికీ చెబుతున్నాను. మీ మేపుల్ బొమ్మను మళ్లీ వేసినప్పుడు దానికి అద్దం బిగించి, ఎండ నేరుగా పడని గోడకు తగిలించండి.