టెక్ సందేహాలు: మీ ఎంజీబీకి డిజైర్ టైరు చాలు

ప్రశ్న: మాది అమలాపురం. నాన్నగారి 1972 ఎంజీబీ జీటీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు నా దగ్గరుంది, స్పోక్ చక్రాల బండి. స్టెప్నీ ఏనాటిదో తెలియదు గానీ గాడులు కొత్త టైరుకి ఉన్నట్టే ఉన్నాయి. మారుద్దామని వెళ్తే షాపులో 185/65 ఆర్14 ఇస్తామన్నారు, ఫోన్లో టైరు సైజు యాప్ కూడా పడుతుందనే చెప్పింది. పోనీ పంక్చర్ లిక్విడ్, చిన్న గాలి పంపు కొనుక్కుని స్టెప్నీ మానేయొచ్చా?

జవాబు: మానేయకండి. కొత్త కార్లలో కొన్నిటికి స్టెప్నీ బదులు పంపు, లిక్విడ్ ఇస్తున్న మాట నిజమే, 2020లో మన నిబంధనలు కూడా దానికి ఒప్పుకున్నాయి, కాకపోతే ఆ వెసులుబాటు ట్యూబ్‌లెస్ టైర్లూ గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లూ ఉన్న బండ్లకి. మీ రిమ్ముకి ప్రతి స్పోక్ దగ్గరా చిల్లు ఉంటుంది, అందుకే లోపల ట్యూబ్ తప్పదు. మేకు దిగి గాలి పోయాక కాస్త దూరం కదిలినా ట్యూబ్ చిరిగిపోవచ్చు, ఆ చీలికని లిక్విడ్ మూయలేదు. రాత్రిపూట చించినాడ వంతెన దాటి, అటూ ఇటూ చెరువులే తప్ప దీపం కనిపించని చోట ఆగిపోతే ఆ సీసా మీకు అక్కరకు రాదు.

ఇక సైజు. యాప్ చూసింది 14 అంగుళాల రిమ్ముకి పడుతుందా అని మాత్రమే. జీటీకి కంపెనీ ఇచ్చిన రేడియల్ 165 ఆర్14. ఆ కాలం టైర్ల మీద రెండో అంకె (టైరు వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పేది) వేసేవాళ్లు కాదు, దాదాపు 80 అనుకోవాలి. అంటే ఇప్పటి లెక్కలో 165/80 ఆర్14, ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు. 185/65 ఎత్తు 596. తేడా 24 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కానీ చిన్న టైరు కిలోమీటరుకి దాదాపు 20 చుట్లు ఎక్కువ తిరగాలి. మీది వెనక చక్రాలతో నడిచే బండి, ఆ టైరు వెనక ఒక పక్కే వేస్తే తిన్నని రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే గేర్లు) పళ్లు ఆపకుండా అరుగుతూనే ఉంటాయి, వాటిని మళ్లీ సంపాదించడం ఎంత కష్టమో మీకు తెలుసు.

సంతోషించాల్సిన సంగతేమిటంటే, 165/80 ఆర్14 పాత స్విఫ్ట్, డిజైర్ మామూలు మోడళ్లకి వచ్చిన సైజే! రావులపాలెం సెంటర్లో నిలబడే ట్యాక్సీల్లో చాలావాటికి అదే. కాబట్టి షాపులో ఎంజీబీ పేరెత్తకుండా డిజైర్ టైరు అడగండి. పక్కన ‘టీ’ అక్షరం ఉంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా పనికొస్తుందని, మీ బండికి అది చాలు. మిగతా నాలుగూ రేడియల్సేనా చూసుకోండి. పాత స్టెప్నీ నైలాన్ టైరైతే (రేడియల్ కాని పాత రకం) రేడియల్ పక్కన వేయకూడదు, మలుపులో రెండూ రెండు రకాలుగా నడుస్తాయి.

గాడులు చూసి మోసపోవద్దు. టైరు పక్కన ‘డాట్’ అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు వెతకండి, 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, ఇంకేం చూడక్కర్లేదు, తీసేయండి. మన ఉక్కపోతకీ ఉప్పుగాలికీ డిక్కీలో పడున్న టైరు కూడా ముసలిదవుతుంది. ఇలాంటి స్టెప్నీనే నమ్మి నేను భీమవరం నుంచి బయల్దేరాను, పాలకొల్లు చేరకముందే పైపొర ఊడొచ్చింది. అప్పటి నుంచి ఎవరి కారెక్కినా డిక్కీ తీసి ముందు ఆ అంకెలు చూస్తున్నాను.

ట్యూబు 14 అంగుళాల రేడియల్‌ది, కొత్తదే కొనండి. డిజైర్ టైరు ట్యూబ్‌లెస్ రకం కాబట్టి లోపల అంటించిన కాగితాలు గీకించి, స్పోకుల మొనలు గుచ్చుకోకుండా రిమ్ముకి రబ్బరు పట్టీ వేయించాలి. షాపువాళ్లు ఇది మర్చిపోతారు, దగ్గరుండి చూడండి. స్టెప్నీలో గాలి వెనక టైర్ల కంటే రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువే ఉంచండి. పంపు కొనడం మంచిదే, ఛార్జింగ్ రకం తీసుకోండి, స్టెప్నీలో గాలి నెలకోసారి ఇంట్లోనే చూసుకోవచ్చు.

అన్నట్టు స్టెప్నీ అనేది వేల్స్ దేశంలో లనెల్లి ఊరి వీధి పేరు, 1904లో అక్కడ పుట్టిన విడి చక్రానికి ఆ పేరే పెట్టారు.

ఒక ఆదివారం ఇంటి ముందే చక్రం మార్చి చూడండి. మీ చక్రం నాలుగు బోల్టులది కాదు, నడిమి నట్టుని మెత్తటి సుత్తితో (రాగి లేదా రబ్బరు తల ఉన్నది) కొట్టి విప్పాలి. బండి ముందుకి నడిచేటప్పుడు చక్రం ఎటు తిరుగుతుందో అటే విప్పాలి, కుడి పక్కకీ ఎడమ పక్కకీ మరలు వేరు. ఆ సుత్తి స్టెప్నీ పక్కనే ఉండాలి.