కీబోర్డు కింద లేబుల్ చెరిగిపోతే

చిరంజీవి శిరీషకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వింటే నాకే టెన్షన్ వచ్చింది. సోమవారానికల్లా మీ ల్యాబులో 40 సిస్టమ్‌ల కీబోర్డులు, మౌసుల మోడళ్లు స్టాక్ రిజిస్టర్లో ఎక్కించాలి. సగానికి పైగా లేబుళ్లు అరిగిపోయాయి. సిస్టమ్‌లన్నీ ఉబుంటు, అంటే విండోస్ కాదు, లినక్స్ రకం. ఇంతేగా? నోటితో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా. కమాండ్లు మాత్రం ఫోన్లో చెప్పినట్టే పలుకుతూ రాస్తాను, నువ్వు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకో.

ముందు నేను వెలగబెట్టిన పని చెప్తా, నువ్వు అది చెయ్యకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే లెక్క అడిగితే, సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్ అని కొట్టి పక్కన హైఫన్ క్వెరీ తగిలించా. 'మోడల్: పీసీ105' అని వచ్చింది. దొరికిందిరా అనుకుని 30 కీబోర్డులకీ 30 వరసల్లో పీసీ105 అని గుండ్రటి అక్షరాలతో రాసేశా. తనిఖీకి వచ్చినాయన రిజిస్టరు చూసి, కళ్లద్దాలు తీసి, ఎదురుగా ఉన్న మూడు కంపెనీల కీబోర్డుల వంక చూసి, "అన్నిటికీ ఒకటే మోడలా మాస్టారూ?" అన్నాడు. పీసీ105 అంటే 105 మీటలున్న మామూలు బోర్డు అని సిస్టమ్ పెట్టుకున్న లెక్క, అంతే. ఏ మీటకి ఏ అక్షరమో తేల్చుకోవడానికి. తెలుగు ఇన్‌స్క్రిప్టు లేఅవుటు పెట్టుకునే చోట ఆ సెట్టింగు కనిపిస్తుంది గానీ, ఎదురుగా ఉన్న వస్తువు ఏ కంపెనీదో దానికి తెలియదు.

నీకు కావాల్సింది ఎల్ఎస్‌యుఎస్‌బి. టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరిచి ఈ ఐదక్షరాలూ కలిపి కొట్టు. యూఎస్‌బీకి తగిలించి ఉన్నవన్నీ వరసగా వస్తాయి. అందులో ఒక వరస ఇలా ఉంటుంది: 'బస్ 001 డివైస్ 003: ఐడీ 046డి:సి31సి లాజిటెక్, కీబోర్డ్ కె120'. ఐడీలో రెండు చుక్కలకి ఎడమ పక్కన ఉన్న నాలుగక్షరాలు ఇంటిపేరు, కుడి పక్కవి సొంత పేరు అనుకో. 046డి అంటే లాజిటెక్ వాళ్లింటిది. 413సి డెల్‌ది, 03ఎఫ్0 హెచ్‌పీది, 045ఇ మైక్రోసాఫ్ట్‌ది. పది సిస్టమ్‌లు చూసేసరికి ఇవి నీకే నోటికొచ్చేస్తాయి.

ఏ వరస ఏ వస్తువుదో తెలియకపోతే మౌసు పీకి మళ్లీ కొట్టు. మాయమైన వరసే మౌసుది. ఇంతకంటే నాకు ఇష్టమైన పద్ధతి ఇంకోటుంది. సుడో (అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పే మాట) అని కొట్టి, పక్కన డి ఎం ఇ ఎస్ జి, హైఫన్ డబ్ల్యూ కొట్టి వదిలేయ్. ఇప్పుడు మౌసు పీకి పెట్టు. కొత్త వరసలు టకటకా వచ్చి పడతాయి. వాటిలో 'ప్రొడక్ట్', 'మాన్యుఫ్యాక్చరర్' అన్నవి చూడు, ఆ రెండూ వస్తువు తన నోటితో తను చెప్పుకున్న పేర్లు. ఎల్ఎస్‌యుఎస్‌బి చూపించే పేరు చాలాసార్లు సిస్టమ్‌లో ఉన్న ఒక జాబితాలోంచి వస్తుంది. ఆ జాబితా పాతదైతే కొత్త మోడల్ పేరు అందులో ఉండదు. రెండూ కలిస్తే నిశ్చింతగా రాసుకో.

కలవకపోతే? చవక మౌసులతో ఇదే గొడవ. '093ఏ:2510 పిక్సార్ట్, ఆప్టికల్ మౌస్' అని వస్తుంది. మౌసు మీదేమో ఇంకో కంపెనీ బొమ్మ. కంగారు పడకు. పిక్సార్ట్ వాళ్లు లోపలి చిప్పు చేస్తారు, పై డొప్ప ఎవరిదైనా కావచ్చు. '1ఏ2సి' అని మొదలయ్యే కీబోర్డులూ ఇదే బాపతు. వాటికి రిజిస్టర్లో పైన కనిపించే కంపెనీ పేరు రాసి, పక్కన ఆ ఐడీ రాయి. మోడల్ నంబరు నీ సొంతంగా కల్పించకు.

ఒక్కో కీబోర్డు రెండు మూడు పేర్లతో కనబడితే మూడు కీబోర్డులున్నాయని లెక్కెయ్యకు. ఇన్‌పుట్ జాబితా చూసినప్పుడు ఇది జరుగుతుంది. క్యాట్ కొట్టి, స్లాష్ ప్రోక్ స్లాష్ బస్ స్లాష్ ఇన్‌పుట్ స్లాష్ డివైసెస్ అని ఇస్తే ఆ జాబితా వస్తుంది. వాల్యూమ్ మీటలున్న బోర్డు 'కన్స్యూమర్ కంట్రోల్' అని ఇంకో వరస, పవర్ మీటకి 'సిస్టమ్ కంట్రోల్' అని మరో వరస పెడుతుంది. పాత పుస్తకాల్లో ఎక్స్‌ఇన్‌పుట్ వాడమని ఉంటుంది. వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త ఏర్పాటు) మీద నడిచే సిస్టమ్‌లో అది 'ఎక్స్‌వేలాండ్ కీబోర్డ్' అని తప్ప అసలు పేరు చెప్పదు. దాంతో టైం వేస్టు.

మీ హెచ్ఓడీ మేడం ల్యాప్‌టాప్ కూడా లెక్కలో ఉందన్నావు. దాని కీబోర్డు చాలావరకు 'ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్' అనే వస్తుంది. ఏ కంపెనీ ల్యాప్‌టాపైనా దాదాపు ఇదే పేరు. ఇది తెలియక మా కొలీగ్ ఒకాయన సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో షాపు షాపుకీ తిరిగి "ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 ఉందా?" అని అడిగాడు. నాలుగో షాపులో కుర్రాడు నవ్వు ఆపుకోలేక, "ల్యాప్‌టాప్ మోడల్ చెప్పండి సార్" అన్నాడట. ఆ మోడల్ కావాలంటే సుడో డిఎంఐడీకోడ్ హైఫన్ ఎస్ కొట్టి, పక్కన సిస్టమ్ హైఫన్ ప్రొడక్ట్ హైఫన్ నేమ్ అని ఇవ్వు.

వైర్‌లెస్‌వి ఉంటే యూఎస్‌బీలో రిసీవర్ పేరే కనిపిస్తుంది, మౌసు పేరు కాదు. లాజిటెక్ యూనిఫయింగ్ రిసీవరైతే సోలార్ (ఇంగ్లీషులో ఎల్ తర్వాత రెండు ఎ లు) అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకో, దానికి జతపడినవాటి పేర్లు చెప్తుంది. ఒక రిసీవర్‌కి ఆరు దాకా జతపడతాయి కాబట్టి, రిసీవర్లు లెక్కపెట్టి మౌసుల సంఖ్య రాయొద్దు.

ఇక వెనక వరసలో ఆ పాత సిస్టమ్‌లు. ఊదా, ఆకుపచ్చ రంగుల గుండ్రటి పిన్నులుంటే అవి పీఎస్2. 1987లో ఐబీఎం తెచ్చిన రకం. ఎల్ఎస్‌యుఎస్‌బిలో అసలు కనబడవు, వాటిని అడిగినా కంపెనీ పేరు చెప్పవు. తిప్పి చూడడమే దారి. సిస్టమ్ ఆఫ్ చేశాకే పిన్ను పీకు, నడుస్తుండగా లాగితే పోర్టు పోయే ప్రమాదముంది. లేబుల్ అరిగిపోయినా ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే ఒక్కోసారి అక్షరాల అచ్చు కనబడుతుంది. అదీ లేకపోతే 'పీఎస్2, లేబుల్ లేదు' అని రాసేయ్. ఎవరూ ఏమీ అనరు.

సీరియల్ నంబరు కోసం కమాండ్ల వెంట పడకు. మామూలు కీబోర్డులు దాన్ని సిస్టమ్‌కి చెప్పనే చెప్పవు. అందుకే నువ్వే మార్కర్‌తో అడుగున సిస్టమ్ నంబరు వేసుకుంటూ వెళ్లు. మీ పిల్లలు పని చెయ్యని కీబోర్డుని పక్క సిస్టమ్‌కి మార్చేస్తారు, నాకు తెలుసు. శనివారం ల్యాబు మూసేశాకే మొదలుపెట్టు. మొదటి ఐదు సిస్టమ్‌లూ అయ్యాక ఒక ఫొటో తీసి పంపు, చూస్తాను.

మీ అమ్మకి నా ఆశీస్సులు చెప్పు.

మామయ్య