పెంచినది మనుషులనా, కణాలనా?

సందేహం: ‘పెంచిన మానవుల తెల్ల రక్తకణాల్లో క్రోమోజోమ్ లోపాలు’ అని ఒక అనువాదంలో చదివాను. ఏదో తేడాగా ఉంది. ఇందులో దోషం ఎక్కడ? ‘లోపాలు’ అనవచ్చా?

సమాధానం: తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది పదాల వరస. ‘పెంచిన’ లాంటి క్రియాజన్య విశేషణం తన వెంటనే వచ్చే నామాన్ని పట్టుకుంటుంది. ‘పెంచిన మానవుల’ అనగానే ఎవరో ఆ మనుషులను పెంచారన్న అర్థం వస్తుంది. ‘మనిషి రక్తం నుంచి తీసి ప్రయోగశాలలో పెంచిన తెల్లకణాల్లో’ అనండి, చిక్కు తీరుతుంది.

వాక్యం పొడవైందని ‘ప్రయోగశాలలో’ అన్న మాటను మాత్రం తీసేయవద్దు. రక్తంలో తిరిగే లింఫోసైట్లు అనే తెల్లకణాలు మామూలుగా విభజన చెందవు. చిక్కుడు జాతి గింజల నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ కలిపి, శరీరమంత వెచ్చదనంలో రెండు మూడు రోజులు ఉంచితే విభజన మొదలవుతుంది. దాన్ని కాల్చిసిన్‌తో నడిమధ్యలో ఆపితే క్రోమోజోములు లెక్కకు అందుతాయి. ఇంత జరిగాక క్రోమోజోముల్లో కనిపించిన విరుపు శరీరంలోదా, పాత్రలో పుట్టిందా అన్నది పాఠకుడికి తెలియాలి.

1967లో అమెరికాలో, పాత్రలో పెంచిన తెల్లకణాలకు ఎల్‌ఎస్‌డి కలిపితే క్రోమోజోములు విరిగాయని ఒక పరిశోధన ప్రకటించింది. ఆ మాదకద్రవ్యం వాడినవాళ్లకు పుట్టబోయే బిడ్డల గురించి కూడా భయం పాకింది. 1971 నాటికి వచ్చిన పరిశోధనలను సమీక్షించినవారు, శుద్ధమైన ఎల్‌ఎస్‌డి మితమైన మోతాదులో మనిషి శరీరంలోని క్రోమోజోములను దెబ్బతీయదని తేల్చారు. పాత్రకూ శరీరానికీ మధ్య అంత దూరం ఉంది.

ఇక ‘లోపం’. వ్యాకరణంలో లోపమంటే ఉన్నది పోవడం. డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము సాధారణంగా రెండుకు బదులు మూడు ఉంటాయి. 46 ఉండవలసిన చోట 47. వ్యాకరణ పరిభాషలో అది ఆగమం, అంటే లేనిది వచ్చి చేరడం. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోటికి మరొకటి చేరతాయి. దాన్నీ లోపమనలేం. ముక్క ఊడిపోయినప్పుడు మాత్రమే ఆ మాట అచ్చంగా సరిపోతుంది. అన్నిటికీ కలిపి ‘అసాధారణతలు’ అంటే చాలు. ‘వైకల్యం’ అసలే వద్దు. కణం గురించి అన్న మాట మనిషికి అంటుకుంటుంది.

క్రోమోజోమ్, క్రోమోసోమ్ రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. ఒక రచనలో ఒకటే వాడండి.