స్టార్ట్ నొక్కే ముందు

నాన్నా,

ఉబుంటు ఐఎస్ఓ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేశాను, అయినా ల్యాప్‌టాప్ దాన్నుంచి బూట్ అవట్లేదు బాబాయ్ అని రాశావు. ఉబుంటు కూడా విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టాలంటే ఊరికే కాపీ చేస్తే అవదురా. ఐఎస్ఓ అంటే ఒక డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు మూటగట్టిన ఫైల్. కంప్యూటర్ ఆన్ అవగానే పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్ (బూట్‌లోడర్) కోసం వెతుకుతుంది. మూట విప్పకుండా పెడితే దానికేం దొరుకుతుంది? విప్పి సర్దే పని విండోస్‌లో రూఫస్ చేస్తుంది. చిన్న ప్రోగ్రామ్, ఉచితం. పెన్‌డ్రైవ్ 16 జీబీది తీసుకుంటే ఇబ్బంది ఉండదు.

ఐఎస్ఓని ఉబుంటు సొంత సైట్ నుంచే దించుకో. దించాక విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్‌లో ఆ ఫైల్‌కి గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇస్తే, దాని వేలిముద్ర లాంటి 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది. సైట్‌లో ఇచ్చిన దానితో అది కలవాలి. డౌన్‌లోడ్ మధ్యలో పాడైన ఫైల్‌తో ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతే, తప్పెక్కడుందో తెలియక రోజంతా పోతుంది.

ఇక అసలు సంగతి. రూఫస్‌లో స్టార్ట్ నొక్కితే నువ్వు ఎంచుకున్న డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఒకసారి నేను లినక్స్‌లో (ఉబుంటు దాంట్లో ఒక రకం) డిస్క్ మీదకి నేరుగా రాసే డీడీ కమాండ్‌తో ఈ పని చేస్తున్నాను. అందులో పెన్‌డ్రైవ్ పేరు ఎస్‌డీసీ, పక్కనే పెట్టి ఉన్న హార్డ్‌డిస్క్ పేరు ఎస్‌డీబీ. సీ బదులు బీ కొట్టాను. డీడీ ఏమీ అడగదు, మొదలుపెట్టేస్తుంది. పెన్‌డ్రైవ్ లైటు వెలగడం లేదేమిటా అని చూసి ఆపేసరికి, మీ నాన్న దాచుకున్న ఫొటోల డిస్క్ మొదటి భాగం పోయింది. రికవరీ చేస్తే కొన్ని వచ్చాయి, అన్నీ రాలేదు. మీ నాన్న ఒక్క మాట అనలేదు గానీ, నాకది ఇప్పటికీ బాధే.

అందుకే చెప్తున్నా, మొదలుపెట్టే ముందు మిగతా యూఎస్‌బీ డిస్క్‌లన్నీ ఊడదీసెయ్. లిస్టులో సైజు చూడు. పెన్‌డ్రైవ్‌ని ఒకసారి తీసి మళ్లీ పెట్టు, లిస్టులోంచి ఏది మాయమై తిరిగొచ్చిందో అదే నీది. అరనిమిషం పని.

రూఫస్‌లో మిగతావి పెద్దగా మార్చక్కర్లేదు. నీది యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ని మొదలుపెట్టే కొత్త రకం ఏర్పాటు) ఉన్న ల్యాప్‌టాపే కాబట్టి పార్టిషన్ స్కీమ్, అంటే డిస్క్‌ని భాగాలు చేసే పద్ధతి, జీపీటీ పెట్టుకో. అయిపోయాక ఎజెక్ట్ చేసే తియ్.

ఇన్‌స్టాల్‌కి ముందు నీ ఫైళ్లు వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసుకో. విండోస్‌ని కూడా ఉంచుకుంటావా? అయితే డ్రైవ్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకో. బూట్ సెట్టింగ్స్ మారిస్తే విండోస్ ఆ కీ అడగొచ్చు, అప్పుడు అది దగ్గర లేకపోతే నీ డ్రైవ్ నీకే తెరుచుకోదు.

తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండు. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా ఉంటుంది. ఉబుంటు వచ్చాక వెంటనే ఇన్‌స్టాల్ కొట్టకు. ట్రై ఉబుంటు అని ఉంటుంది, అందులోకి వెళ్లి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో తీరిగ్గా చూసుకో. నీ డిస్క్ మీద అప్పటికింకా ఏమీ మారదు.

డిస్క్ ఎంచుకునే స్క్రీన్ దగ్గర కొంచెం సందేహం వచ్చినా అక్కడే ఆగి, ఫొటో తీసి నాకు పంపు. ఎంత రాత్రయినా సరే, చూసి చెప్తాను.

మీ బాబాయ్